గున్న కాళ్ళు, బాబాయ్ టానిక్కులు

మందుల షాపాయన్ని వీధంతా టానిక్ బాబాయ్ అనే పిలుస్తుంది. తలనొప్పికి మాత్ర అడిగితే, దాంతోపాటు బలానికి ఓ సీసా కూడా అంటగట్టి పంపడం ఆయన అలవాటు. అది వ్యాపారం కాదు పాపం, ప్రేమే. ఎదిగే ప్రాణి ఏదైనా సరే, పైనుంచి కాస్త బలం పొయ్యందే ఎదగదని ఆయన గట్టి నమ్మకం. ఆ సీసాలకి లొంగని ఘటం ఇంట్లో పిన్ని ఒక్కతే.

అలాంటి ఇంటికి ఓ పెద్దజాతి కుక్కపిల్ల వచ్చింది. బొద్దుగా ఉండి, తన కాళ్ళు తనకే అడ్డం పడుతుంటే పల్టీలు కొట్టేది. గున్న అని పేరు పెట్టుకున్నారు.

ఇంకేముంది! కాల్షియం పొడి, విటమిన్ చుక్కలు, కీళ్ళకంటూ మరో డబ్బా. గిన్నెలో పప్పీ ఫుడ్ కనబడితే ఒట్టు. గున్నని షాపు మెట్ల మీద కూర్చోబెడితే వచ్చినవాళ్ళు "అబ్బో, ఎంత ఎదిగిందో!" అనేవారు. అన్నప్పుడల్లా బాబాయ్ మురిసిపోయి, ఆ పూట ఇంకో చిటికెడు ఎక్కువ వేసేవాడు. గున్నకి డోసు నిర్ణయించేది దారిన పోయేవాళ్ళే అయిపోయారు.

ఒకరోజు పొద్దున్నే వాకిలి ఊడుస్తున్న పిన్ని చీపురు ఆపింది.

"ఏమండీ, దీని ముందు కాళ్ళు చూశారా? పాదాలు బయటికి తిరిగినట్టు లేవూ?"

"బలం ఎక్కువై అలా దర్జాగా నిలబడిందే పిచ్చిదానా!"

అదే సమయానికి గున్న రెండడుగులు వేసి, కుయ్యిమని కూలబడింది. బాబాయ్ దాన్ని ఎత్తుకుని, పిన్నిని వెంటబెట్టుకుని ఆసుపత్రికి పరుగెత్తాడు.

పశువుల డాక్టరమ్మ కాళ్ళు నొక్కి చూసింది, ఎక్స్‌రే తీసింది. "ఏమేం పెడుతున్నారండీ?" అని అడిగింది. బాబాయ్ హుషారుగానే మొదలుపెట్టాడు కానీ, ఆవిడ కనుబొమ్మలు పైకి లేస్తున్నకొద్దీ ఆయన గొంతు కిందికి దిగింది.

"దాని తిండిలోనే అన్నీ సరిపడా ఉన్నాయండీ. మీరు పైనుంచి పోసేసరికి ఎముకలు వంకర తిరుగుతున్నాయి, కీళ్ళ మీద భారం పడుతోంది. పెద్దజాతి పిల్లలు నిదానంగా ఎదగాలి. ఆ డబ్బాలన్నీ ఆపేయండి. తిండి కొలిచి పెట్టండి, సన్నగానే ఉండనివ్వండి. గెంతులు వద్దు."

"మరి మందు?"

"ఇదేనండీ మందు."

"కాళ్ళు తిన్నగా వస్తాయా అమ్మా?"

"త్వరగానే తెచ్చారు, ఆశ ఉంది. మాట మాత్రం ఇవ్వలేను."

ఇంటికొచ్చే బస్సులో గున్నని ఒళ్ళో పెట్టుకుని బాబాయ్ వెక్కివెక్కి ఏడ్చాడు. "నా చేతులతో నేనే దీన్ని కుంటిదాన్ని చేశానే!" అన్నాడు. దులిపెయ్యడానికి ఇంతకంటే మంచి అవకాశం పిన్నికి మళ్ళీ రాదు. అయినా ఆవిడ మొగుడి భుజం మీద చెయ్యి వేసి, "ప్రేమ కాస్త ఎక్కువైందిలెండి. తగ్గించి చూద్దాం," అంది.

తగ్గించడమంటే మాటలా! గున్న సన్నబడింది. షాపుకొచ్చిన ప్రతివాళ్ళూ "ఏం బాబాయ్, దాని కడుపు మాడుస్తున్నారా?" అని తగులుకునేవారు. వీధి మొత్తానికి బలం పంచిన మనిషికి అది తల తీసేసినంత పనయ్యేది. అయినా గిన్నెలో కొలత పెంచలేదు. ఒక మధ్యాహ్నం ఇంట్లో ఆయన చెయ్యి దానంతటదే కాల్షియం డబ్బా మీదికి వెళ్ళింది. గున్న తోక ఊపుకుంటూ వచ్చి ఎదురుగా నిలబడింది. బాబాయ్ దాని పాదాల వంక చూశాడు. డబ్బా మళ్ళీ అరలో పెట్టేసి, రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు. వంటింట్లోంచి చూసిన పిన్ని చూడనట్టే ఊరుకుంది.

కొన్నాళ్ళకి డాక్టరమ్మ మళ్ళీ ఎక్స్‌రే తీసి, పాత ఫిల్ము పక్కన పెట్టి చాలాసేపు చూసింది.

"తిన్నబడ్డాయండీ," అందావిడ నవ్వుతూ. "ఇక పరుగెత్తనివ్వండి."

ఆసుపత్రి వెనక ఖాళీ జాగాలో గొలుసు విప్పడమే ఆలస్యం, గున్న చెవులు ఎగరేసుకుంటూ ఒక చుట్టు చుట్టి, తిన్నగా వచ్చి బాబాయ్‌ని గుద్దేసింది. ఆయన మట్టిలో వెల్లకిలా పడి, లేవకుండా పడీపడీ నవ్వాడు. పిన్ని కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

చంకలో కుక్కపిల్లతో అటుగా వచ్చినాయన ఆగిపోయి, "భలే ఉందండీ మీ కుక్క! ఏం పెట్టి పెంచారు?" అని అడిగాడు.

మళ్ళీ టానిక్కుల జాబితా విప్పుతాడేమోనని పిన్ని హడలిపోయింది. బాబాయ్ లేచి, చొక్కా దులుపుకుని, ఛాతీ విరుచుకుని నిలబడ్డాడు.

"దాని తిండి తప్ప ఇంకేమీ పెట్టలేదండీ! పెట్టకుండా ఉండడానికి ఎంత కష్టపడ్డానో మా ఆవిణ్ణి అడగండి!"