అంగుళం పొడుగు మడమ

మా అక్క నడీన్ కూతురు ట్వైలాది ఎడమచేతి వాటం. కుడిచేతి వాళ్ల కోసం చేసిన తుపాకులు పేలినప్పుడల్లా ఖాళీ డొప్పల్ని ఆ పిల్ల ముక్కుకు అడ్డంగా విసిరేవి. అందుకే ఏరికోరి లివరు తుపాకీ కొనుక్కుంది. నూట ముప్పై ఏళ్ల కిందటి దానికి ఇప్పటి వాళ్లు చేసిన నకలు అది. కాల్చడానికి వేలితో నొక్కే గుర్రం కింది ఇనుప లివరును ముందుకు తోస్తే ఖాళీ డొప్ప నెత్తి మీదుగా పైకెగిరిపోతుంది. దానికి ఎడమా కుడీ తేడా లేదు.

మా క్లబ్బులో అందరమూ తాతల నాటి టోపీలు పెట్టుకుని, తాతల నాటి పొగమందు కూరిన తూటాలతో ఇనుప పలకల్ని పడగొడుతుంటాం. తుపాకులు బాగుచేసేది నేనే. నేను బడికి వెళ్లింది ఆరేళ్లే. ఆరేళ్లలోనూ సగం రోజులు గది బయటే నిలబెట్టారు, పంతులమ్మ సొరుగులో కప్పని పెట్టానని.

"మావయ్యా, ఇది నాకు అంగుళం పొడుగైంది" అంటూ ఆగస్టులో వచ్చింది ట్వైలా. తుపాకీ మడమను, అదే భుజానికి ఆనించే కర్రను, మోచేతి మడతలో పెట్టి చూపించింది. వేలు గుర్రానికి అందడం లేదు. లివరు అంచు తగిలి వేళ్ల గణుపులు కమిలిపోయాయి.

"తుపాకీని కొయ్యడమెందుకే? నీ చెయ్యి లాగి అంగుళం సాగదీస్తాను. ఖర్చు లేదు."

"నీ నాలుక కోస్తే ఇంకా చవక."

రెండు వారాలు పట్టింది. లోపలి భాగాలన్నీ విప్పి, గరుకు ఉన్నచోటల్లా సన్నరాయితో రుద్దాను. లివరుకు తోలుతాడు చుట్టాను. ఇక మిగిలింది మడమ. కొత్త వాల్‌నట్ కర్ర, చూస్తే ముట్టుకోబుద్ధవుతుంది.

అక్కడ బుద్ధి వంకర పోయింది. షెడ్డు మూలలో ఎప్పుడో విరిగిన పాత తుపాకీ మడమ ఒకటి పడి ఉంది, అదే రంగు. ట్వైలా వచ్చే వేళకి ఆమెది గోనెపట్టా కింద దాచేశాను. పాతదాన్ని బల్లకు బిగించాను. ఆమె గుమ్మంలోకి రాగానే, చివర కొయ్యాల్సిన దాన్ని నట్టనడుమ, చెయ్యి పట్టుకునే మెడ దగ్గర బరబరా కోసేశాను. ముక్క కింద పడింది.

"అయ్యయ్యో! గీత ఇక్కడ కాదటే?" అన్నాను గుండె మీద చెయ్యేసుకుని.

అరుస్తుందనుకున్నాను. రంపం లాక్కుని నా వెంట పడుతుందనుకున్నాను. తరవాత పట్టా ఎత్తి చూపించి పడీపడీ నవ్వుదామనుకున్నాను. ఆ పిల్ల అరవలేదు. కింద పడ్డ ముక్కని చేతిలోకి తీసుకుని అలా చూస్తూ ఉండిపోయింది. ఆ చూపు చూశాక పట్టా తీసేశాను. నవ్వు రాలేదు, ఇద్దరికీ.

"నా చిన్నప్పుడు పుట్టినరోజు కేకులో సబ్బు పెట్టావు. పోన్లే అనుకున్నాను" అంది. "ఇది నేను నీ చేతికిచ్చిన వస్తువు మావయ్యా."

తుపాకీ, మడమ, మరలు అన్నీ సంచిలో వేసుకుని వెళ్లిపోయింది. అక్క ఫోన్ చేసి, "ఒరే డెల్మర్, అరవై ఎనిమిదేళ్లొచ్చాయిరా నీకు" అని పెట్టేసింది. అక్క తిట్టకుండా ఫోన్ పెట్టేస్తే నాకు భయం. ట్వైలా ఆ తరవాత రెండు ఆదివారాలు మా ఇంటికి రాలేదు.

అక్టోబరు పోటీకి మాత్రం వచ్చింది, పొడుగు మడమతోనే. ఆ రోజు తూటాలు ఖాళీ చేసే బల్ల దగ్గర నా డ్యూటీ. ఆట ముగించి వచ్చిన ప్రతి ఒక్కరూ తుపాకీ తెరిచి, లోపల ఏమీ లేదని నాకు చూపించే పక్కకు వెళ్లాలి. నన్ను చూసి, "చూశావా?" అని మాత్రం అనేది ట్వైలా, పోస్టాఫీసులో గుమస్తాతో అన్నట్టు.

మూడో ఆటలో రెండు పలకలు పడగొట్టింది. మూడోసారి లివరు సగం దాకా వచ్చి ఆగిపోయింది. ముందుకూ రాదు, వెనక్కీ పోదు. లోపల తూటా ఉంది. తుపాకీని గుళ్లు ఆపే మట్టికట్ట వైపే ఉంచి బల్ల మీద పెట్టి, చెయ్యి పైకెత్తింది. పద్ధతి తప్పలేదు.

"డెల్మర్‌ని పిలవండి, దాని పేగులు తెలిసింది వాడికే" అన్నారెవరో.

"పిలవండి, పిలవండి" అన్నాడు ఓజెల్ ప్రూయిట్, నలభై ఏళ్లుగా నా చేతుల్లో వెధవ అవుతూ వచ్చిన మనిషి. "ఈసారి లోపలి నుంచి పావురం తీస్తాడు."

అందరూ నవ్వారు. వాళ్ల తప్పేం లేదు. నా జేబులో ఆ క్షణాన రబ్బరు తాచుపాము ఉంది, ఓజెల్ భోజనం డబ్బాలో వేద్దామని తెచ్చింది.

వంగి చూశాను. లోపలంతా తారు పూసినట్టు నల్లగా, జిగటగా ఉంది. ముక్కు పెట్టి వాసన చూస్తే సంగతి తెలిసిపోయింది.

"మిషన్ ఆయిల్ వేశావా?" అన్నాను మెల్లగా.

"మంచిదే వేశాను. గాలిమరలకు వేసేది." ట్వైలా బతుకుతెరువు అదే, పశువుల కొట్టాల దగ్గర గాలిమరలు, పంపులు బాగుచేయడం. నూనె పోయకుండా ఏ ఇనుమునీ వదలదు.

పొగమందు మసికి ఆ నూనె పడదు. రెండూ కలిస్తే తారే. దానికి వేడినీళ్లు పోయాలి, ఆరబెట్టాలి, తరవాత గొర్రెకొవ్వూ తేనెమైనమూ కలిపి రాయాలి. లివరు మీది తోలు కూడా విప్పి ఆరబెట్టాలి, లేకపోతే దాని కింద తుప్పు. ఇవన్నీ మడమ ఇచ్చే రోజు చెప్పాల్సినవి. ఆ రోజు నేను కర్ర కోసే ఆట ఆడాను.

"నీ తప్పు కాదు. నేను చెప్పలేదు" అన్నాను.

ఓజెల్ చేత కాఫీకి కాచిన వేడినీళ్లు తెప్పించాను. గొట్టం మట్టికట్ట వైపే ఉంచి, గుర్రం దగ్గరికి వేలు పోకుండా, చెంచాతో కొంచెం కొంచెం పోస్తూ లివరును వెంట్రుకవాసి చొప్పున కదిపాను. చాలాసేపు పట్టింది. చుట్టూ ఉన్నవాళ్లు ఏదో జరుగుతుందని ఎదురు చూసి చూసి, ఏమీ జరగక, బీన్స్ తినడానికి వెళ్లిపోయారు. ట్వైలా వెళ్లలేదు.

చివరికి లివరు తెరుచుకుంది. తూటాని వేళ్లతో పట్టుకుని ఆమె చేతిలో పెట్టాను.

"ఖాళీ. నువ్వూ చూడు" అన్నాను.

వంగి చూసింది. "ఇంతేనా? పామేం లేదా?"

"జేబులో ఉంది. ఓజెల్‌కి."

పెదవి బిగబట్టింది, కానీ ఒక మూల వదులైంది.

మర్నాడు పొద్దున్నే ట్రక్కు వచ్చి మా వాకిట్లో ఆగింది. మడమని బల్ల మీద పెట్టింది ట్వైలా.

"నువ్వే గీత గీయి. నేను కోస్తున్నంతసేపూ పక్కనే నిలబడు" అన్నాను.

"కొలిచింది నువ్వేగా" అంది. "నీ గాలిమర రెండు మైళ్ల దూరానికి కీచుమంటోంది. సిగ్గులేదూ?" రెంచి తీసుకుని బయటికి పోయింది. గాలిమర మెట్ల మీద బూట్ల చప్పుడు పైకి, ఇంకా పైకి వెళ్లింది. ఆ పైనుంచి నా షెడ్డు లోపల ఏం జరుగుతోందో కనబడదు.

ముందు ఆ పాత విరిగిన మడమని బిగించి, రంపం వాలుగా పోతుందేమో దాని మీద కోసి చూశాను. తిన్నగానే పోయింది. ట్వైలా మడమకి, కర్ర పేడు లేవకుండా, టేపు చుట్టాను. కొలిచాను. మళ్లీ కొలిచాను. కళ్లద్దాలు తుడుచుకుని మూడోసారి కొలిచాను.

పైన రెంచి ఠంగు ఠంగుమంటోంది. రంపం గీత మీద ఆనించి లాగాను. ఆ చప్పుడు పై దాకా వినబడే ఉంటుంది. ముక్క తెగి కింద పడేదాకా పైన రెంచి ఒక్కసారి కూడా ఆగలేదు.