ఆషాఢంలో వలీమా

నరసరావుపేటలో పరుపులు కుట్టే మౌలాలీ, కొడుకు షబ్బీర్ పెళ్ళికి ఎనిమిది వేలు అవుతుందని లెక్క తేల్చాడు. నిఖా ఖర్చు వినుకొండలో ఆడపిల్లవారిది. వలీమా విందు, బట్టలు, బస్సు తనవి. చేతిలో ఉన్నది వెయ్యిన్నర. మిగతా ఆరున్నర వేలు అప్పివ్వడానికి దూది వ్యాపారి త్రికోటేశ్వరరావు అడిగిన వెంటనే ఒప్పుకున్నాడు. నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీ. తాకట్టు, దూది ఏకే మిషన్.

“కాయితం ఎల్లుండి రాసుకుందాం. మిషన్ నీ కొట్లోనే ఉంటది, నేనేం నెత్తిన పెట్టుకుపోను. ఏడాదిలో తీర్చకపోతే మాత్రం నాది” అన్నాడాయన.

అంత తొందరగా డబ్బిచ్చే మనిషిని చూసి మౌలాలీకి భయం వేసింది. మిషన్ పోతే తండ్రీకొడుకులిద్దరూ ఇంకొకరి కొట్లో కూలీలే. కానీ వైశాఖంలో పెళ్ళి పెట్టుకున్న ఆదివారం నెల రోజుల్లోకి వచ్చింది. షామియానా, వంటసామాను చెప్పడానికి, వాటిని అద్దెకిచ్చే కోటయ్య దగ్గరికి వెళ్ళాడు.

కోటయ్య పుస్తకం తిప్పి నవ్వాడు. “ఆ ఆదివారమా? పేటలో చానా పెళ్ళిళ్ళున్నాయి ఆ రోజు. నా సామానంతా ఎప్పుడో పోయింది. బయటినించి తెప్పిస్తే రేటు రెండింతలు. అయినా ఏంది మౌలాలీ, మాకంటే ముహూర్తాల గోల, నీకేమొచ్చింది? ఆషాఢంలో నా డేగిశాల్లో ఎలకలు కాపరం పెడతయ్. సగానికిస్తా. వంటోళ్ళూ ఖాళీనే.”

మౌలాలీ దారంతా లెక్క వేసుకున్నాడు. ఇరవై ఏళ్ళుగా వైశాఖమంటే తనకు పెళ్ళి పరుపుల గిరాకీ. జతకు యాభై మిగిలే ఆ రోజుల్లోనే కొట్టు మూసి కొడుకు పెళ్ళి పెట్టుకున్నాడు. ఊరంతా అప్పుడే చేస్తున్నారని తనూ అనుకున్నాడే తప్ప, ఎందుకని ఆలోచించలేదు. గిరాకీ చూసుకుని, రంజాన్ దాటాక ఆషాఢంలో చేస్తే, పరుపుల మీద మిగిలేదీ సగం రేట్లూ కలిసి రెండు వేల అప్పు చాలు. దానికి మిషన్ అక్కర్లేదు, ప్రోనోటు రాస్తే ఇస్తారు.

మర్నాడు వినుకొండ బస్సెక్కాడు. పెళ్ళి ఆషాఢానికి మారుద్దామన్న మాట వినగానే వియ్యంకుడు రసూల్ ముఖం ముడుచుకున్నాడు.

“పెట్టిన రోజు మారిస్తే నలుగురూ ఏమంటారు బావా? అబ్బాయికి మనసు మారిందంటారు. ఇంకా ఏదో అడుగుతున్నారంటారు.”

“నాకేం అక్కర్లా బావా.” మౌలాలీ తల వంచుకుని, మిషన్ తాకట్టు సంగతి దాచకుండా చెప్పేశాడు. అప్పు అడగడం కంటే అది కష్టమైంది.

తలుపు అవతల నుంచి రసూల్ భార్య హజ్రా బీ అంది: “మిషన్ ఉందనే గదా పిల్లనిస్తున్నది. దాన్ని తాకట్టు పెట్టి అందరూ బిర్యానీ తినిపోతే, తర్వాత నా బిడ్డ దూది తింటదా? ఆషాఢమే కానియ్యండి.”

త్రికోటేశ్వరరావు దగ్గరే ప్రోనోటు మీద రెండు వేలు తీసుకుని, వలీమాకు మౌలాలీ మూడొందల మందిని పిలిచి, నూట ఎనభై మందికి వండించాడు. పెళ్ళిళ్ళ రోజుల్లో ఒక్కొక్కరికి నాలుగు పిలుపులుంటాయి, సగం మందే వస్తారు. అతనికి తెలిసిన లెక్క అది. ఆషాఢంలో పేటలో ఇంకో పెళ్ళి లేదు. పెళ్ళాం బిడ్డలతో కలిపి పిలిచిన మూడొందల మందీ వచ్చారు. రెండో పంక్తి లేవకముందే డేగిశాలు అడుగంటాయి.

మౌలాలీ విందుకొచ్చిన త్రికోటేశ్వరరావును పక్కకు పిలిచి ఏడొందలు అడిగాడు.

“మిషన్ రాస్తావా?” అన్నాడాయన.

“ఏడొందలకు మిషనేంది? రెండు జతల పరుపులు కుట్టిస్తా. మిగతాది నోటు మీదే రాసుకోండి.”

ఆయన నవ్వుతూ జేబులోంచి డబ్బు తీశాడు. షబ్బీర్ సైకిలెక్కి బియ్యానికీ మాంసానికీ పరిగెత్తాడు. కోటయ్య మళ్ళీ పొయ్యి రాజేయించాడు. షామియానా కింద నూట ఇరవై మంది ఆకలితో గంటన్నర కూర్చున్నారు. అలిగి లేచిపోదామన్నా ఎవరికీ వెళ్ళడానికి ఇంకో పెళ్ళి లేదు.