తెల్ల పొగ

ఆ లాండ్రీలో బాయిలర్ మామ మాటకు తిరుగులేదు. రంపపు పొట్టు మండించి, ఆసుపత్రి దుప్పట్లు ఉతకడానికి ఇరవై రెండేళ్లుగా ఆవిరి పుట్టిస్తున్నవాడాయన. పొయ్యిలో వేసే ముందు పొట్టు మీద బకెట్టెడు నీళ్లు చిలకరించడం గురువు నేర్పిన పద్ధతి. పొట్టు కళ్లలో పడదు. పైగా పొగ తెల్లగా వస్తుంది. తెల్లనిదంతా ఆవిరేనని ఆయన ధీమా.

ప్రహరీకి అవతలే ఆయన అక్క ఇల్లు. ముందు గదిలో కుట్టుమిషను, వెనక గదిలో మంచం. ఏడాదిగా ఆమెకు ఆయాసం ముదిరింది. నెలలో తగ్గకపోతే ఇల్లు మారాల్సిందేనని డాక్టరు తేల్చేశాడు. మారితే, ముప్పై ఏళ్లుగా ఆమె చేతి కుట్టునే నమ్ముకున్నవాళ్లంతా దూరమైపోతారు.

అక్క కూతురు ల్యాబ్ టెక్నీషియన్. నాన్చే రకం కాదు.

"మామయ్యా, అమ్మ ఇల్లు మారక్కర్లేదు. నువ్వు మారితే చాలు."

"నేనేం చేశానే? నా పొగ మల్లెపువ్వులా ఉంటే!"

"తడి పొట్టు సరిగా మండదు. సగం కాలిందే అలా తెల్లగా లేస్తుంది. ఆవిరైతే గొట్టం దాటగానే మాయమవ్వాలిగా? నీది మా పెరట్లోకి దిగుతోంది."

"నిన్నెత్తుకు తిరిగినవాణ్ణి. నాకే పాఠాలా?"

"అందుకేగా బెత్తం లేకుండా చెబుతున్నా!"

ఆయన ముఖం చిన్నబోయింది. అయినా మర్నాడు మధ్యాహ్నం అక్క పెరట్లో నిలబడి చూశాడు. పొగ గోడ దాటి, తీరిగ్గా ఆమె కిటికీలోకే దిగింది.

సోమవారం నుంచి నీళ్లు మానేశాడు. పొట్టును రేకుల కింద ఆరబెట్టి, కళ్లద్దాలూ మాస్కూ పెట్టుకుని, పొయ్యికి గాలి ఎక్కువ అందించాడు. అక్కకు మాత్రం చెప్పవద్దని మేనకోడలితో అన్నాడు. "చెబితే నామీది ప్రేమతో దగ్గునే మింగేస్తుంది."

ఇన్‌హేలర్ వాడినప్పుడల్లా క్యాలెండర్‌పై గీత గీయడం ఆమెకు డాక్టరు చెప్పిన అలవాటు. రోజుకు ఆరుండే గీతలు రెండో వారానికి రెండయ్యాయి.

"గాలి అటు తిరిగిందేమోనే," అన్నాడాయన. సంతోషించడానికి ఇంకా ధైర్యం చాలలేదు.

మూడో వారం వాన కురిసి, రేకులు కారి పొట్టు నానింది. ఆ రోజు పొగ మళ్లీ తెల్లగా లేచింది. క్యాలెండర్‌పై అయిదు గీతలు పడ్డాయి. పొట్టు ఆరాక మళ్లీ రెండే. ఇక ఆయనకు అనుమానం మిగల్లేదు.

నెలాఖరున క్యాలెండర్ చూసి, ఇల్లు మారక్కర్లేదన్నాడు డాక్టరు. ఆ సాయంత్రం అక్క ముందు కూర్చుని బాయిలర్ మామ ఉన్నదంతా చెప్పేశాడు.

"ఒరేయ్! ఇన్నాళ్లూ నాకు పొగ పెట్టింది నువ్వేనన్నమాట!" అని ఆమె పగలబడి నవ్వింది. ఆ నవ్వు మధ్యలో దగ్గు రాకపోవడం ముగ్గురూ గమనించారు.

ఆయన మేనకోడలి వైపు తిరిగాడు. "నా తప్పు నా మొహాన చెప్పింది నువ్వొక్కదానివే. గొప్ప మేలు చేశావే, తల్లీ."

"ఇంకా అయిపోలేదు మామయ్యా. కంటికి కనబడని సన్నటి మసి ఇంకా వస్తూనే ఉంటుంది. గొట్టానికి ఫిల్టరు పెట్టాలి."

బాయిలర్ మామ ఈసారి వాదించలేదు. "అక్కా, యజమానికి చూపించాలి, ఇదిస్తావా?" అంటూ లేచి, గోడ మీది క్యాలెండర్‌ను జాగ్రత్తగా తీసుకున్నాడు.