లేని తలుపు

"స్టూలు అక్కడ పెట్టకండి. దారికి అడ్డం."

"ఏ దారికి? ఎదురుగా గోడ కనిపించడం లేదూ?"

అతను స్టూలును గోడకి ఆనించడం, భార్య తీసి పక్కకి జరపడం. ఈ అద్దె ఇంట్లో దిగి నెల కాకుండానే ఈ తగువు పాతబడిపోయింది.

"ఆ స్టూలేదో నా నెత్తిన పెట్టండి, పీడా పోతుంది!" వంటింట్లోంచి అతని తల్లి కేకేసింది.

అతను గోడలకి రంగులు వేసే మనిషి. ఊరందరి గోడలూ మెరిపిస్తాడు, సొంత కొంప మాత్రం పెచ్చులూడుతోందని తల్లి దెప్పుతూంటే, ఆ ఆదివారం హాలు గోడ మొదలుపెట్టాడు. రంగు ముట్టుకునే ముందు, గోడ గీకే రేకు పిడితో అంగుళం అంగుళం తట్టి చూడటం అతని పద్ధతి. బోలుగా మోగితే అక్కడ పూత నిలవదు.

స్టూలు దగ్గర గోడ బోలుగా మోగింది. తట్టుకుంటూ పోతే ఆ బోలు నిలువుగా మనిషంత ఎత్తు సాగి, అడ్డంగా తిరిగి, మళ్ళీ కిందికి దిగింది. గీకాడు. తెల్ల సున్నం కింద నీలం, నీలం కింద ఇటుకలతో మూసేసిన తలుపు ఆకారం. ఓ పక్కన, నడుం ఎత్తులో, గడియ పీకేసిన గుంట.

గీకడం ఆపేశాడు. బట్టల బుట్టతో హాలు దాటేటప్పుడు భార్య సరిగ్గా ఇక్కడే ఆగుతుంది. ఆమె చెయ్యి ఈ ఎత్తుకే లేస్తుంది. అంతలో ఏదో గుర్తొచ్చినట్టు వెనక్కి తిరుగుతుంది. మతిమరుపనుకున్నాడు ఇన్నాళ్ళూ.

చేతులు కూడా కడుక్కోకుండా పక్కవీధిలో ఉండే ఇంటి యజమాని దగ్గరికి పరుగెత్తాడు.

"ఆ తలుపు మా నాన్న మూయించాడు. అప్పటికి నాకింకా మీసాలే రాలేదు," అన్నాడు ఆ ముసలాయన. "వెనక గది కూడా పడగొట్టించాడు."

"ఎందుకండీ?"

ముసలాయన కళ్ళజోడు తీసి చాలాసేపు తుడిచాడు. "రంగు వేసుకో నాయనా. తవ్వకు."

అతని భార్యకి ముప్పై నిండలేదు. ఈ ఊరే ఎరగనంది. పిన్ని పెంచిన పిల్ల; అంతకుముందు ఎక్కడుండేదానివని అడిగితే "గుర్తు లేదండీ" అంటుంది, అంతే. పెళ్ళైన కొత్తలో ఆ మాట ముద్దుగానే ఉండేది.

ఇంటికి రాగానే అడిగాడు. "నిజం చెప్పు. ఇంతకుముందు ఈ ఇంట్లో ఉన్నావా?"

"బాగుంది! ఇల్లు చూసిందీ మీరే, తాళం తెచ్చిందీ మీరే." నవ్వుతూనే ఆమె గోడవైపు తిరిగింది. ఆ నవ్వు అలాగే ఉండిపోయింది. జ్వరమొచ్చిన పిల్ల నుదురు చూసినట్టు, గీకిన చోట అరచెయ్యి ఆనించింది. "చల్లగా ఉంది," అంది మెల్లగా.

అతనికి ఇక ఒక్కటే ధ్యాస. ఈ మనిషి తనకి దక్కాలంటే ఈ గోడకి దూరంగా తీసుకుపోవాలి.

మధ్యాహ్నం ముగ్గురూ అన్నాలకి కూర్చున్నారు. ముద్ద కలుపుతూ అన్నాడు, "వచ్చే నెల ఇల్లు ఖాళీ చేస్తున్నాం."

"పిల్లి పిల్లల్ని తిప్పినట్టు ఎన్ని ఇళ్ళు తిప్పుతావురా?" తల్లి విసుక్కుంది. "ఈ ఇంట్లోనే కదా కోడలు కాస్త కుదురుగా నడుస్తోంది! పాతింట్లో తగలని గుమ్మం ఉందా, చితకని వేలుందా?"

నిజమే. పెళ్ళైన దగ్గర్నుంచీ ఏ ఇంట్లోనూ ఆమె దేన్నో ఒకదాన్ని కొట్టుకోకుండా తిరగలేదు. ఇక్కడ ఒక్కసారి కూడా తడబడలేదు.

భార్య అతని కంచంలో మారు అన్నం వడ్డించింది.

"మీరూ అత్తయ్యా వెళ్ళండి," అంది. "నేను రాను."