సువార్తరావు మేష్టారి ఇంగ్లీషు ప్రమాణం

సువార్తరావు మేష్టారికి ఈ లోకంలో రెండే గర్వాలు. ఒకటి తన ఇంగ్లీషు, రెండోది తన ఇంట్లోని ఇనప బీరువా. ఇంగ్లీషు నాలిక చివర ఉండేది, బీరువా తాళం మొలతాడుకి ఉండేది. భార్య కృపావతి పండక్కి మంచి చీర కట్టుకోవాలన్నా ఆయన ముందు నిలబడి అడగాల్సిందే. ఆయన పేపరు దించకుండా "ఎందుకు?" అనేవారు. ఆవిడ కారణం చెప్పుకునేది. నచ్చితే ఆయనే లేచి బీరువా తీసేవారు.

తొంభై ఎనిమిదిలో కూతురు మెర్లిన్‌కి పెళ్ళి కుదిరింది. పెళ్ళికొడుకు సురేంద్ర డుంబ్రిగుడ అవతల కొండ ఊరి కుర్రాడు, కాఫీ తోట ఉంది. అతని తాత భీముడు ఆ ఊరికి పెద్ద. మనవడు చర్చికి వెళ్ళినా ముసలాయన మాత్రం కొండదేవతనే నమ్ముకున్నాడు.

పాస్టరు మోసెస్ గారు ప్రమాణాలు తెలుగులో చేయిద్దామన్నారు. మేష్టారు ససేమిరా అన్నారు. తెల్లదొరల కాలంనాటి పాత ఇంగ్లీషు ప్రమాణం, తన పెళ్ళిలో తను చెప్పినదే, అల్లుడూ చెప్పాలట. ఆ మాటలకి నోరు తిరిగేవాడు చుట్టుపక్కల తనొక్కడే కాబట్టి చెప్పించేదీ తనేనట. అమ్మాయి తండ్రితో వాదన ఎందుకని పాస్టరు గారు తగ్గారు.

పెళ్ళిరోజు మేష్టారు కోటూ టై వేసుకుని ఒక్కో ముక్కా అందించారు. సురేంద్ర చెమటలు కక్కుతూ అప్పజెప్పాడు. 'ట్రోత్' దగ్గర నాలిక మడతపడింది కానీ ఎలాగో గట్టెక్కాడు. హమ్మయ్య అనుకునేలోపు ముందు బెంచీలోంచి భీముడు లేచాడు.

"మేస్టారూ, గుంటడేదో ఒప్పుకున్నాడు. ఏటొప్పుకున్నాడో మాకు తెలీనేదు. రేపు మాట తప్పితే మేం ఏటని సాచ్చికం సెప్తాం?"

వాళ్ళ ఊరి కట్టుబాటు అది. పదిమందిలో ఇచ్చిన మాటకి అర్థం పదిమందికీ తెలియాలి. తప్పితే ఏం ఇచ్చుకోవాలో కూడా అక్కడే తేలాలి. మేష్టారికి కోపం రాలేదు సరికదా, ప్రాణం లేచొచ్చింది. రిటైరయ్యాక ఆయన్ని అర్థం అడిగినవాళ్ళే లేరు మరి.

'ట్రోత్' అంటే నమ్మకమనీ, 'ప్లైట్' అంటే ఆ నమ్మకాన్ని పణంగా పెట్టి మాటివ్వడమనీ చెప్పారు. భీముడు అటూ ఇటూ చూసి, తప్పితే మేక అన్నాడు. వెనక బెంచీలు సరేనన్నాయి. 'వర్స్' అంటే గడ్డురోజులు, పంట పోయినా మలేరియా వచ్చినా వదలకూడదని అర్థం. మలేరియాలో వదిలేస్తే మేకతోపాటు కోడి. 'చెరిష్' అంటే అపురూపంగా చూసుకోవడం. దీనికి ఏం వెయ్యాలో పాలుపోక పెద్దలు గుసగుసలాడుకుని, పందికి ఖాయం చేశారు. పాస్టరు గారు గడియారం చూసుకున్నారు. మేష్టారు మాత్రం మంచి ఊపులో ఉన్నారు.

"ఇక 'ఎండౌ'. అంటే, నాకున్న ఆస్తిపాస్తులన్నీ ఈ క్షణం నుంచి నీవే అని అర్థం," అన్నారు చేతులు బారజాపి.

ఆడవాళ్ళ వైపు నుంచి కృపావతి లేచింది. ఆ చర్చిలో ఆవిడ గొంతు పాటల్లో తప్ప ఎవరూ విని ఎరగరు.

"మన పెళ్ళిలో మీరు సెప్పినవీ ఇయ్యేనా?"

"ఇవే," అన్నారు మేష్టారు, ఇంకా గర్వంగానే.

"ఆ మాటలకి అర్థవేటని ఆ రేతిరే అడిగేను. నా మాట దాటొద్దని అర్థం అన్నారు. ఇన్నేళ్ళూ దాటనేదు."

భీముడు నెమ్మదిగానే చెప్పాడు. పాత మాట తేలకుండా అదే మాట మీద కొత్త పెళ్ళిని తమ ఊరు ఒప్పుకోదు. ఏం ఇచ్చుకోవాలో నష్టపోయిన మనిషే చెప్పాలి. మెర్లిన్ ముసుగులోంచి తండ్రి వైపు చూసింది. కూతురి పెళ్ళి తన నోటిమూలంగా ఆగిపోతుందేమోనని మేష్టారు నిజంగా భయపడ్డారు. అంతకంటే ఎక్కువ సిగ్గుపడ్డారు.

కృపావతి మేకనీ అడగలేదు, పందినీ అడగలేదు. చెయ్యి చాచింది.

"తాళం," అంది.

మేష్టారు కోటు గుండీలు విప్పి, చొక్కా పైకి లాగి, గోడవైపు తిరిగి మొలతాడుతో కుస్తీ పట్టారు. ఏనాడూ విప్పని ముడి, రానంటే రానంది. చివరికి పాస్టరు గారు కేకు కోసే కత్తి అందిస్తే తెగింది. తాళం కొంగున ముడేసుకుని కృపావతి, "ఇంక కానీండి, అయ్యగారూ," అంది. సురేంద్ర ఈసారి తెలుగులో ప్రమాణం చేశాడు, ఒక్కో మాటా ఆచితూచి.

సాయంత్రం పిల్లని పంపే వేళ, అల్లుడికి పెట్టాల్సిన ఉంగరం బీరువాలో ఉండిపోయిందని మేష్టారికి గుర్తొచ్చింది. పరుగున ఇంట్లోకి వెళ్ళారు. కృపావతి పిల్లలకి కేకు ముక్కలు పంచుతోంది.

"కృపా, తాళం ఒకసారి ఇస్తావా?"

ఆవిడ తలెత్తలేదు.

"ఏటికి?" అంది.

మేష్టారు గుమ్మంలోనే ఆగిపోయారు. ఆ ఒక్క మాట ముందు నిలబడడం ఎలా ఉంటుందో ఆయనకి ఇప్పుడు తెలిసింది. చేతులు కట్టుకుని, కారణం చెప్పుకోవడం మొదలుపెట్టారు.