మా ఇంట్లో ఐదు 220లు

మా ఇంట్లో గోడలకి ఐదు ప్లగ్గు పాయింట్లున్నాయి. ఐదింటి పక్కనా ఎర్రటి గోళ్ళరంగుతో 220 అని రాసి ఉంటుంది. రాసింది నేనే. నిజంగా 220 వోల్టులు వచ్చేది ఒక్కదాంట్లోనే. మిగతా నాలుగూ 110.

మా కామగ్వేయ్ ఊళ్ళో చాలా ఇళ్ళలో రెండు రకాలూ ఉంటాయి. పైకి చూస్తే రెండూ కవలపిల్లలే. 110 వస్తువుని తీసుకెళ్ళి 220లో పెడితే పొగ వస్తుంది, ఆ తర్వాత దాంట్లోంచి ఇంకేమీ రాదు. అందుకే 220 పక్కన అంకె రాసుకుంటారు. మా అమ్మాయి దయామీకి మూడేళ్ళప్పుడు ఒకరోజు తలపిన్ను పట్టుకుని ఆ కన్నాల ముందు కూర్చుని కనబడింది. ఆ మధ్యాహ్నమే నేను ఐదింటికీ 220 రాసేశాను. అప్పటికి దానికి అంకెలు రావు. ఆ సంగతి నాకు తర్వాతెప్పుడో తట్టింది.

ఇరవై రెండేళ్ళయినా ఆ రంగు చెక్కు చెదరలేదు. మా ఆయన ఎలాడియో వచ్చిన ప్రతివాడికీ నన్ను చూపించి చెబుతాడు: "ఒకటి కరెంటు ఆఫీసువాళ్ళది, నాలుగు మా ఒడాల్మీవి."

ఇప్పుడు దయామీకే ఆడపిల్ల పుట్టింది. శనివారం ఆసుపత్రి నుంచి పంపిస్తామన్నారు. ఆగస్టు నెల, మూడో అంతస్తు, పైన కాంక్రీటు కప్పు. ఇంట్లో ఉన్న ఒక్క ఫ్యాను గురువారం గుటుక్కుమంది. పసిపిల్ల ఒళ్ళంతా పొక్కుతుంది, ఉడుకు జ్వరం వస్తుంది, దోమలు కుడతాయి, దోమల నుంచి డెంగీ. నాకు రెండు రాత్రులు నిద్ర లేదు. ఫ్యాను తిరిగితే చాలు, ఇంకేమీ అడగను అనుకున్నాను.

ఎలాడియో మాత్రం ఈల వేసుకుంటూ పాత రష్యా వాషింగ్ మెషిన్‌లోని మోటారు ఊడదీశాడు. అల్యూమినియం ట్రే కత్తిరించి మూడు రెక్కలు చేశాడు. పాత ఫ్రిజ్‌లోని రెండు కమ్మీల అరల్ని ఎదురెదురుగా పెట్టి తీగతో కట్టి, రెక్కల చుట్టూ పంజరం తయారు చేశాడు. ఇరుసు బిగుసుకుపోతే కుట్టుమిషను నూనె రెండు చుక్కలు వేసి, చేత్తో తిప్పి చూడాలి, వంటనూనె మాత్రం పోయకూడదు, జిగురవుతుంది. మీ ఇళ్ళలో పనికొస్తుందని చెబుతున్నాను.

"రెక్క ఊడి ఎగిరితేనో?" అన్నాను.

"ఎగిరితే కిటికీలోంచి పోయి పక్కింటి మిగ్దాలియా బట్టలతాడు తెంపుతుంది. ఆ తాడు మన దగ్గర పట్టుకెళ్ళిందేగా."

"వేళాకోళం కాదయ్యా. పక్కనే పసిపిల్ల పడుకునుంటుంది."

"అందుకేనే పంజరం."

"పంజరం కూడా ఊడితేనో?"

"అప్పుడు నిన్ను అడ్డం నిలబెడతాను. నిన్ను దాటి ఏదీ పోలేదు."

శనివారం పొద్దున్నే ఆయన రొట్టె క్యూకి వెళ్ళాడు. కోడి సూపు పొయ్యి మీద పెట్టి, ఆయన లేని సమయం చూసి, ఫ్యాను పెట్టిన బల్లని పాప మంచం దగ్గర్నుంచి లాక్కెళ్ళి ఎదుటి గోడకి చేర్చాను. బల్ల కాళ్ళని కిటికీ కమ్మీకి తాడుతో కూడా కట్టాను. ఇప్పుడు రెక్క ఊడినా మంచం దాకా రాదు. ఆ గోడకున్న పాయింటే అసలు 220, ఫ్యాను మోటారేమో 110ది. నాకు తెలియక కాదు. ఎలాడియో వచ్చి పొడుగు తీగ వేసి అవతలి దాంట్లోంచి ఇస్తాడులే అనుకున్నాను.

ఎలాడియో కంటే ముందు వాళ్ళే వచ్చేశారు. దయామీ చేతుల్లో పాప, పాప గౌను మీద దిష్టి తగలకుండా నల్లరాయి పిన్నీసు. ఆ పిన్నీసు ఊడి గుచ్చుకుంటుందేమోనని నేను అటు పరిగెత్తాను. వెనకాల సంచులు మోస్తూ అల్లుడు రేనియెర్. అతను నువీటాస్ రేవులో పని చేస్తాడు, మా ఇంట్లో పట్టుమని పది రోజులు ఉన్నది లేదు. మొదటిసారి వచ్చినప్పుడు ఫోను ఛార్జింగ్ పెట్టడానికి అంకెలు చూసి బెదిరి, ఐదు పాయింట్ల ముందూ నిలబడి తిరిగాడు. ఎలాడియో నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకున్నాడు.

"అబ్బ, ఏం ఉక్కరా!" అంది దయామీ. "అమ్మా, పాప ముఖం చూడు, ఎర్రగా కందిపోయింది."

రేనియెర్ సంచులు కింద పడేసి ఫ్యాను తీగ అందుకున్నాడు.

"అల్లుడూ, దాంట్లో పెట్టకు, అది 220!"

"తెలుసు అత్తయ్యా," అన్నాడు నవ్వుతూ. "ఇంట్లో అన్నీ 220లేగా."

"ఇది నిజం 220 నాయనా!"

"మొన్న బాత్రూం దగ్గరున్నదాన్ని కూడా ఇలాగే నిజం అన్నారు."

అన్నాను. బాత్రూంలో తడి ఉంటుంది కదా అని అన్నాను.

ప్లగ్గు పెట్టేశాడు. ఫ్యాను విమానంలా లేచింది. గదిలో కాగితాలు, పాప లంగోటీలు, గోడ మీది క్యాలెండరు అన్నీ ఎగిరాయి. బల్ల కిటికీని పట్టుకుని వణికింది. లోపల టప్‌మని ఏదో పేలింది. నేను పాపని నా ఒంటితో కప్పేశాను. ఆ మరుక్షణమే అంతా ఆగిపోయింది.

వీధి వీధంతా ఒక్కసారే ఉసూరుమంది. కరెంటు పోయింది.

రోజూ ఆ కోతని తిట్టనిదే నాకు కాఫీ దిగదు. ఆ రోజు మాత్రం మోకాళ్ళ మీద కూర్చుని దానికి దండం పెట్టాను.

ఎలాడియో రొట్టెలతో వచ్చి, ముందు ఫ్రిజ్ ప్లగ్గు తీశాడు, కరెంటు తిరిగి వచ్చేటప్పటి తోపుకి కాలిపోకుండా. తర్వాత తాళ్ళతో కట్టిన బల్లని, నన్ను, అల్లుణ్ణి చూశాడు. వంగి మోటారుకి ముక్కు ఆనించాడు.

"లోపలి తీగచుట్టలు కాలితే వార్నిషు మాడిన కంపు వస్తుంది," అన్నాడు. "రావడం లేదు. పేలింది కండెన్సరే. బతికే ఉండొచ్చు. కరెంటొస్తేగాని చెప్పలేం."

"ఎప్పుడొస్తుంది మామయ్యా?" అన్నాడు రేనియెర్, తలెత్తకుండా.

"నన్ను కాదు, కరెంటు ఆఫీసువాళ్ళనడుగు."

నాలుగు గంటలసేపు రాలేదు. అట్టముక్కతో పాపకి విసురుతూనే ఉన్నాను. చెయ్యి మారుస్తానంటే ఎవరికీ ఇవ్వలేదు, వాళ్ళు గట్టిగా విసిరి పిల్లకి జలుబు తెప్పిస్తారని. పాప మెడ మడతల్లో ఎర్రటి చుక్కలు లేచాయి. ఆ ఫ్యాను చచ్చిపోయి ఉంటే చంపింది రేనియెర్ కాదని నాకు తెలుసు. నాలుగుసార్లు అబద్ధం రాసినదాన్ని నేను. ఆ మాట పైకి అనలేదు, సూపు వడ్డించేటప్పుడు అతనికి కోడికాలు వేశాను.

నాలుగున్నరకి స్విచ్చి ఆపకుండా వదిలేసిన బల్బు వెలిగింది. మిగ్దాలియా మెట్ల మీంచి "వచ్చిందో!" అని కేక పెట్టింది. ఎలాడియో పొడుగు తీగతో అవతలి పాయింటు నుంచి ఫ్యానుకి కలిపాడు. మోటారు 'మ్...' అని మూలిగింది. రెక్కలు కదలలేదు.

"బతికుంది!" అన్నాడు. "కండెన్సరు లేదుగా, మొదటి తోపు మనమే ఇవ్వాలి. ఎక్కువసేపు ఇలా మూలగనిస్తే కాలిపోతుంది. తొయ్యండి ఎవరైనా!"

ఆయన చేతులు రెండూ తీగ అతుకు మీద ఉన్నాయి. రేనియెర్ ఇందాకటి నుంచీ ఏ వస్తువునీ ముట్టుకోవడం లేదు. దయామీ పాలిస్తోంది. ఫ్యాను పక్కన నేనున్నాను, చేతిలో చెక్క గరిటె.

"నావల్ల కాదు."

"అమ్మా, తొయ్యవే!" అంది దయామీ.

కళ్ళు మూసుకుని గరిటె కాడ పంజరంలోకి దూర్చి రెక్కని ఒక్క తోపు తోశాను. తిరిగింది! కళ్ళు తెరిచాను. గాలి మాత్రం గోడకి వీస్తోంది.

"అటు కాదే, ఇటు! ఎటు తోస్తే అటే తిరుగుతుంది!" అని ప్లగ్గు పీకాడు ఎలాడియో, నవ్వుతూ.

రెండోసారి కళ్ళు తెరుచుకునే తోశాను. గాలి మంచం మీదికి వచ్చింది. పాప తల మీది నాలుగు వెంట్రుకలు లేచాయి. పాలు వదిలేసి ఆవలించి పడుకుంది. అప్పటి నుంచీ మా ఇంట్లో ఫ్యాను వెయ్యాలంటే "ఒడాల్మీ, గరిటె!" అనే పిలుపు.

ఆ సాయంత్రమే గోళ్ళరంగు తుడిచే మందు, దూది తీసుకుని నాలుగు అబద్ధాలూ చెరిపేశాను. నిజమైన 220 ఒక్కటే మిగిలింది. ఎలాడియో నా భుజం తట్టి, "ఇప్పుడు మనది మనుషులుండే ఇల్లు," అన్నాడు.

నేను కూర్చుని ఆ నాలుగు పాయింట్ల పక్కన ఖాళీ అయిన గోడల వైపు చూశాను. ఇంకో ఏడాదికి పాప పాకడం మాని నడుస్తుంది. దీని మీద ఏమీ రాయలేదు కాబట్టి ఏమీ చెయ్యదు అనుకుంటే? 110 మాత్రం షాకు కొట్టదా?

గోళ్ళరంగు సీసాలో ఇంకా కొంచెం ఉంది. నాలుగింటి పక్కనా రాశాను. ఈసారి అబద్ధం రాయలేదు.

'ఇది కూడా.'