అటక కింద చెవి

మామిడికుదురులో కురిడీ కొబ్బరికాయల వ్యాపారం చేసే అమ్మిరాజు కాయ ఊపి చూశాడంటే తప్పు పోదని పేరు. ఒకప్పుడు ఆ పేరు నిజమే. పందొమ్మిది వందల డెబ్బై తొమ్మిది నాటికి మాత్రం పక్కన పిడుగు పడినా ఆయనకి తెలిసేది కాదు. ఆ సంగతి ఎరిగింది భార్య అచ్చాయమ్మ ఒక్కతే. ఆవిడ మాట కూడా పెదాలు చూసే గ్రహించేవాడు.

కురిడీ బేరమంతా చెవిలోనే ఉంటుంది. అటక మీద నెలల తరబడి పడున్న కాయలో నీళ్ళింకి, కొబ్బరి గుండు చిప్పని వదిలేస్తుంది. పగలగొట్టకుండా, ఊపి, చప్పుడుని బట్టి కొనాలి. గట్టిగా కొట్టుకుంటే సరుకు, మెత్తగా పలికితే కుళ్ళు. అచ్చాయమ్మ పుట్టింట్లో అటక మీద కాయలు తిరగేసే పని ఆడవాళ్ళదే. పదేళ్ళ పిల్లప్పుడే ఆవిడకి ఆ చప్పుళ్ళన్నీ తెలుసు. కానీ తిరగేయడం ఆడపని, కొనడం మగపని. చెయ్యి మీది, మాట మాది అన్న ఒప్పందం. అందులో ఆడవాళ్ళనెవరూ సంప్రదించలేదు.

మొగుడి చెవి పోయాక ఆవిడే ఉపాయం చెప్పింది. బేరానికి ఆయన వెంట వెళ్ళి, రైతు ఇంటి ఇల్లాలితో కబుర్లాడుతున్నట్టు నిచ్చెన దగ్గర నిలబడేది. ఆయన పైన కాయ ఊపి కిందికి చూసేవాడు. మంచిదైతే ఊరుకునేది, చెడ్డదైతే పైట సర్దుకునేది. మూడేళ్ళు ఒక్క బేరం తప్పలేదు. పేరు ఆయన ఖాతాలో పడింది. ఆవిడకి మిగిలింది ఒక్క ఆశ. ఎప్పటికైనా ఆ నిచ్చెన తనే ఎక్కి, ఇది మంచిది, ఇది కాదు అని తన నోటితో చెప్పాలి. రెండుసార్లు అడిగింది కూడా. ఆయన నవ్వి ఊరుకున్నాడు.

ఓరోజు బేరం చేసుకుని ఇద్దరూ బస్సు దిగుతుంటే, ఇంకో వ్యాపారి గంగరాజు నలుగురిలో ఆటపట్టించేడు.

"అమ్మిరాజు గారు ఆవిడ లేందే అటకెక్కరంటండీ. పైన చీకటంటే భయమేమో పాపం."

అమ్మిరాజుకి మాట వినపడలేదు గానీ నవ్వులు కనపడ్డాయి. ఇంటికొచ్చి అడిగితే అచ్చాయమ్మకి చెప్పక తప్పలేదు. మర్నాడు ఐనవిల్లిలో పెద్ద అటక బేరానికి ఆయన ఒక్కడే వెళ్ళేడు. ఆవిడ వద్దంటున్నా మొహం తిప్పుకుని చెప్పులేసుకున్నాడు.

సరుకు బండివాడు ఏసుపాదం తోలుకొచ్చేడు. కొట్టించి చూస్తే సగానికి పైగా లోపల నల్లటి కుళ్ళు. దొడ్డంతా కంపు. చుట్టూ జనం పోగయ్యేరు, గంగరాజూ వచ్చేడు. అమ్మిరాజు ఆ కుప్పకేసి చూసి, ఏసుపాదం దారిలో కాయలు మార్చేసేడన్నాడు. పదిహేనేళ్ళుగా అమ్మిరాజు ఇంటికే బండి తోలుతున్న మనిషి. పిల్లల మీద ఒట్టేసేడు. ఆ ఒట్టు ఎవరూ లెక్కచెయ్యలేదు. పోలీసులకి కబురు పెట్టమని ఎవరో అన్నారు.

ఒక పక్క మొగుడి పరువు, ఒక పక్క ఓ మనిషి బతుకు. అచ్చాయమ్మకి తూకం వెయ్యడానికి ఎంతోసేపు పట్టలేదు. గుమ్మం దిగి వచ్చింది.

"కాయలు ఎవరూ మార్చలేదండి. ఆయనకి వినపడదు. మూడేళ్ళుగా వింటున్నది నేను."

అమ్మిరాజు ఆవిడ పెదాలకేసే చూస్తున్నాడు. ఒక్క మాట పొల్లుపోకుండా అర్థమయింది.

ఏసుపాదాన్ని వదిలేశారు. ఆ సాయంత్రం ఆవిడ, ఇంక దాచేదేముందండీ, రేపట్నించి నేనెక్కుతాను అంది. ఆడది కొన్న కాయ తన గడప తొక్కదని అమ్మిరాజు వీధికంతా వినపడేలా చెప్పేడు. నెల తిరక్కుండా వ్యాపారం గంగరాజుకి అప్పగించేశాడు.

తరవాత గంగరాజు ఇంటికొచ్చేడు. అక్కగారూ అంటూ ఎంతో మర్యాదగా మాట్లాడేడు. ఆవిడ చెవి గొప్పదన్నాడు. తన బేరాలకి వచ్చి, ఎప్పట్లాగే కింద నిలబడితే చాలన్నాడు. ఆవిడకి రావలసింది ఇస్తాడు, మూడో కంటికి తెలీనివ్వడు.

"పైకెక్కనిస్తారాండీ?"

"అదెలా కుదురుద్దండీ? రైతులేవనుకుంటారు?"

"అయితే నాక్కూడా వినపడదనుకోండి."

ఆయన వెళ్ళిపోయేడు. మళ్ళీ ఎవరూ రాలేదు.

అమ్మిరాజు ఆవిడ మొహంకేసి చూడ్డం మానేశాడు. చూడకపోతే మాట అందదని ఆయనకి తెలుసు. మొదట్లో అచ్చాయమ్మ అన్నం వడ్డించి, భుజం తట్టి, ఏదో చెప్పబోయేది. ఆయన కంచంలోంచి తలెత్తేవాడు కాదు. వర్షాలు మొదలయ్యేసరికి ఆవిడా తట్టడం మానేసింది.